తెగకూడని పోగు

నా చిన్నప్పుడు, మేము ఒమన్‌లో ఉన్న రోజుల్లో, ఎన్నడూ చూడని ఒక పిల్లకు నేను కొలతగా పనికొచ్చాను. ఆ పిల్ల ఫిలిప్పీన్స్‌లో తన అమ్మమ్మ దగ్గర పెరిగేది. వాళ్ళమ్మ మా పక్కింట్లో ఉండేది. బజారు నుంచి ఎప్పుడు గౌను కొనుక్కొచ్చినా పక్కింటి అక్క మా తలుపు తట్టేది. నన్ను నిలబెట్టి, గౌను నా భుజాలకు ఆనించి చూసి, కాస్త వదులుగా ఉంటుందని నమ్మకం కుదిరాక మళ్ళీ మడిచి తీసుకుపోయేది. పిల్లలిద్దరిదీ ఒకే వయసు కాబట్టి ఒంటి పొడవు కూడా ఒకటే అయి ఉంటుందని ఆమె లెక్క. అన్ని గౌన్లు నా మీద పెట్టి చూసేది గానీ ఒక్కటీ నాకు ఇచ్చేది కాదు. ఆ సంగతి నాకు కొంచెం కష్టంగానే ఉండేది.

మేమున్నది అల్ హైల్‌లో. కింద టైర్ల దుకాణం, పైన రెండు వాటాలు. జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన మనవాళ్ళంతా క్యాంపుల్లో రూముకు ఇంతమంది చొప్పున ఉంటే, మా నాన్న కంపెనీ వర్క్‌షాపులో ఫోర్‌మన్ కాబట్టి అమ్మనూ నన్నూ తెచ్చుకోగలిగాడు. పక్కవాటాలో అక్క, ఆమెతో పాటు వాళ్ళ దేశపు పెద్దామె ఇంకొకరు ఉండేవారు. ఇద్దరూ ఒకే క్లినిక్‌లో నర్సులు. అక్కకు ఇంగ్లీషు వచ్చు, అమ్మకు తెలుగు తప్ప వచ్చింది వంటింటి హిందీ ఒక్కటే. బడిలో ఇంగ్లీషు నేర్చుకుంటున్న నేను మధ్యలో నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేసేదాన్ని. వాళ్ళిద్దరి స్నేహం మొత్తం నా నోటి మీదుగానే నడిచింది.

వాళ్ళ పద్ధతులు కొన్ని అమ్మకు బాగా నచ్చేవి. మనం ఎవరినైనా చూస్తే తిన్నావా అని అడుగుతాం. వాళ్ళు ముందర కంచం ఉన్నప్పుడు గుమ్మం దగ్గర ఎవరు కనిపించినా ‘కాయిన్ తాయో’ అంటారు, తిందాం రా అని. కంచంలో ఉన్నది ఒక్క చేపముక్కే అయినా సరే, పిలవకుండా ముద్ద ఎత్తరు. ఇంకా ఎండలు తగ్గకముందే క్రిస్మస్ కాగితపు నక్షత్రాన్ని కిటికీకి కట్టేసేవారు. అమ్మ నవ్వి, మనం దసరా పోకముందే సంక్రాంతి ముగ్గు వేసినట్టుంది అనేది.

వాళ్ళ గదిలో ఒక మూల నా ఛాతీ వరకు వచ్చే అట్టపెట్టె ఉండేది. సబ్బులు, పాలపొడి డబ్బాలు, తువ్వాళ్ళు, టూత్‌పేస్టులు, నా మీద కొలిచిన గౌన్లు అన్నీ అందులోకే పోయేవి. నిండాక ఓడ మీద ఊరికి పంపిస్తారు. ఊళ్ళో ఒక్క కూతురికే కాదు, అక్కచెల్లెళ్ళకూ ఇరుగుపొరుగుకూ కూడా అందులోంచి తలా ఒకటి అందాలట. దూరం వెళ్ళినవాళ్ళు ఉత్త చేతులతో రాకూడదనేది వాళ్ళ నియమం. అక్క మూడేళ్ళుగా తాను వెళ్ళలేక పెట్టెను పంపిస్తోంది.

ఒక గురువారం అక్కకు క్లినిక్‌కు ఫోన్ వచ్చింది. కూతురికి డెంగీ జ్వరం, ఆస్పత్రిలో పెట్టారు, రక్తంలో ఏవో కణాలు పడిపోతున్నాయి. మర్నాడు ఆ పిల్ల పుట్టినరోజు. అక్క మా ఇంటికి వచ్చి ఈ సంగతి నాతో ఇంగ్లీషులో చెప్పింది, నేను అమ్మకు తెలుగులో చెప్పాను. సెలవు అడిగితే ఇవ్వలేదు. ఇచ్చినా విమానం దొరికి చేరేసరికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుందని నర్సు కాబట్టి ఆమెకు తెలుసు.

ఊళ్ళో ఉన్న వాళ్ళమ్మ ఫోన్‌లో ఒకే ఒక మాట గట్టిగా చెప్పిందట. ఇక్కడ ఆస్పత్రిలో మేమేమీ వండలేం, పుట్టినరోజు పాన్సిత్ నువ్వు అక్కడ తప్పకుండా వండు అని. పాన్సిత్ అంటే బియ్యపు సేమ్యాను కూరగాయలతో, రొయ్యలతో కలిపి చేసే వంట. ఆ సేమ్యా అక్కడి దుకాణాల్లో దొరికేది కాదు. ఊరి నుంచి వచ్చిన ఎవరో తెచ్చిన ప్యాకెట్ ఒకటి అక్క ఈ రోజు కోసమే దాచుకుంది.

శుక్రవారం పొద్దున వాళ్ళ గ్యాస్ అయిపోయింది. మా పొయ్యి మీద వండుకోమంది అమ్మ. అక్క క్యాబేజీ, క్యారెట్, రొయ్యలు, ఆ ప్యాకెట్ తెచ్చి మా వంటింట్లో పెట్టి, నేను ఫోన్ చేసి వస్తాను, ఈలోగా సేమ్యా నీళ్ళలో వేసి ఉంచండి అని చెప్పి వెళ్ళింది.

అమ్మది చురుకు చెయ్యి. ఎవరి ఇంటి పనైనా తన పని కంటే ముందే చేసిపెట్టే మనిషి. ప్యాకెట్ విప్పింది. లోపల సన్నటి తెల్లటి పోగులు చుట్టలు చుట్టలుగా ఉన్నాయి. సేమ్యా ఉప్మా చేసే ఏ తెలుగింటి ఆడమనిషైనా ఏం చేస్తుందో అమ్మ కూడా అదే చేసింది. చుట్టలన్నిటినీ చేతులతో పటపటా విరిచి, గుప్పెట్లో నలిపి, చిన్న చిన్న ముక్కలు చేసి నీళ్ళలో వేసింది. విరవకుండా వండిన సేమ్యా మా ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు కాబట్టి నాకూ ఏమీ తోచలేదు.

అక్క తిరిగి వచ్చింది. కణాలు ఇంకా పడిపోతున్నాయని చెబుతూనే వంటింట్లోకి నడిచి, గిన్నెలోకి చూసింది. మాట మధ్యలో ఆగిపోయింది. చేతిలో ఉన్న సంచి కింద పెట్టి, గిన్నె పక్కన నిలబడి, నీళ్ళలో వేళ్ళు పెట్టి కలుపుతూ ఒక పొడవు పోగైనా మిగిలిందేమోనన్నట్టు వెతికింది. ఆమె ముఖం పాలిపోయింది. అమ్మ గమనించి, ఏమన్న తప్పయిందా అడుగు బిడ్డా అంది. నేను అడిగాను.

అక్క నా వైపు చూడలేదు. అమ్మనే చూసి, తొందర లేకుండా చెప్పింది. “తప్పేం లేదు. మా దగ్గర తల్లి దూరంలో ఉన్నప్పుడు ఇలా ముక్కలే చేస్తారు. ఒక్కో ముక్క ఒక్కో రోజు. ఎన్ని ముక్కలు తింటే, కలుసుకునేందుకు అన్ని రోజులు తగ్గుతాయి.”

నేను ఆ మాటలు తెలుగులో చెప్పగానే అమ్మ ముఖం విప్పారింది. నా చెయ్యికే ఎరుకైంది చూసినవా అని మురిసిపోయింది. వంటయ్యాక అందరం కూర్చున్నాం. అమ్మకు ఆకలి లేకపోయినా రెండోసారి వడ్డించుకుంది, ఆ పిల్ల తల్లి కోసం ఎదురుచూసే రోజులు తగ్గించాలని. నేనూ కష్టపడి తిన్నాను. పెద్దామె మాత్రం కంచంలో చెంచాతో గీస్తూ, అక్క వైపు ఓరగా చూస్తూ కూర్చుంది.

మర్నాడు బడి నుంచి వస్తుంటే మెట్ల మీద ఆ పెద్దామె నన్ను ఆపింది. పాన్సిత్ పోగులు ఎప్పుడూ తెంపకూడదట. పొడుగ్గా ఉంటేనే ఆయుష్షు. పుట్టినరోజున తెంపితే ఆయుష్షు తెంపినట్టే. ఇంకోసారి ఇలా చెయ్యొద్దని మీ అమ్మకు చెప్పు అంది. మరి ముక్కకో రోజు అన్న మాట ఏమిటని అడిగాను. అలాంటిది తమ దేశంలో ఎక్కడా లేదనీ, మీ అమ్మ నొచ్చుకుంటుందని ఆ క్షణాన కల్పించి చెప్పిందనీ అంది.

మాట చేరవెయ్యడం నా పని కాబట్టి ఇంట్లోకి పోయి ఉన్నది ఉన్నట్టు అమ్మకు చేరవేశాను. అమ్మ చేస్తున్న పని వదిలి వంటింటి నేల మీద కూర్చుండిపోయింది. కాసేపటికి నాన్న డ్యూటీ నుంచి వచ్చాడు. సంగతి విని, దవాఖానల పడ్డ పిల్లకు సేమ్యాతోని ఏమైతది, గివన్ని ఉత్త ముచ్చట్లు అని తీసిపారేశాడు.

“ఏం గాదని నాకెరుకనే,” అంది అమ్మ. “ఆమె నర్సు, ఆమెకు నాకంటె ఎక్కువ ఎరుక. గంత దూరంల ఉండి పిల్ల కోసం ఆమె చెయ్యగలిగింది గదొక్కటే ఉండె. గది నేను విరగ్గొట్టిన.”

నాకు ఆ రోజు అమ్మను చూస్తే జాలేసింది. ఆమె నవ్వుతూ నలిపిన గుప్పెళ్ళు నాకు గుర్తున్నాయి.

కొంతసేపటికి అమ్మ లేచి, ఊరి నుంచి తెచ్చుకున్న మురుకుల గొట్టం దించింది. బియ్యప్పిండిని మసిలే నీళ్ళు పోసి కలిపింది. ఒకే రంధ్రం ఉన్న బిళ్ళ వేసి తిప్పి చూస్తే పోగు జానెడు రాగానే తెగింది. పిండి మెత్తన చేసింది, మళ్ళీ తెగింది. రంధ్రం అంచు గరుకుగా ఉండి కోస్తోందని నాన్న కనిపెట్టాడు. బిళ్ళను తీసుకుని గడప దగ్గర కూర్చుని, గరుకు కాగితంతో అంచు నునుపు చేసి, నూనె రాసి ఇచ్చాడు. ఉత్త ముచ్చట్లన్న మనిషి అంత శ్రద్ధగా అరగదీస్తుంటే అమ్మ పిండి మళ్ళీ కలిపి ఉంచింది.

ఈసారి పోగు సాగింది. అమ్మ తిప్పుతుంటే కింద పళ్ళేన్ని నేను గుండ్రంగా తిప్పుతూ పోయాను. చుట్ట మీద చుట్ట పడింది. గొట్టంలో పిండి అయిపోయినప్పుడు అమ్మ ఊపిరి బిగబట్టి, కొత్తగా నింపి, తడివేలితో కొసకు కొస అతికేది. పళ్ళెం నిండా ఒకటే పోగు. దాన్ని ఇడ్లీ గిన్నెలో బట్ట మీద ఆవిరి పట్టి, పైన తాలింపు వేసింది.

అక్క డ్యూటీ నుంచి వచ్చి ఇంకా బట్టలైనా మార్చుకోలేదు. అమ్మ పళ్ళెంతో వెళ్ళి వాళ్ళ గుమ్మంలో నిలబడి, నాతో చెప్పమంది.

“మా దిక్కు పుట్టినరోజుకు గిట్లనే చేస్తరు. తెగకుంట ఒక్కటే పోగు. నిన్న పిండి లేకుండె, గందుకే ఇయ్యాల తెచ్చిన.”

అంతకుముందు నేను ఎన్నో పుట్టినరోజులు చూశాను. తలంటు, కొత్త బట్టలు, పాయసం తప్ప మా దిక్కు ఏ ఇంట్లోనూ ఇలాంటిది లేదు. పిండి కూడా నిన్న డబ్బా నిండా ఉంది. అన్నాళ్ళుగా మాటలు చేరవేసినా, చెప్పేది అబద్ధమని తెలిసి చేరవెయ్యడం అదే మొదటిసారి. అమ్మ ముఖం చూశాను. అందులో వెనక్కు తగ్గే లక్షణం ఏమీ లేదు. ఇంగ్లీషులో చెప్పేశాను.

అక్క పళ్ళెంలోకి చూసింది. పోగు కొస పట్టుకుని మెల్లగా పైకెత్తింది. అది సాగుతూనే ఉంది, చెయ్యి తల దాకా లేచినా తెగలేదు. ఆమెకు అంతా అర్థమైంది. అమ్మకు నిజం తెలిసిపోయిందని, తెలిసి ఈ పని చేసిందని. “మీ దగ్గర కూడా ఇలా ఉందా?” అని మాత్రం అడిగింది. నేను అమ్మకు చెప్పాను. ఉన్నదని అమ్మ తల ఊపింది. అక్క పళ్ళెం పక్కన పెట్టి, అమ్మ భుజం మీద తల ఆనించి ఏడ్చింది. గురువారం నుంచి ఆమె ఏడవగా చూడటం అదే మొదలు.

పెద్దామె కంచాలు తెచ్చి, కాయిన్ తాయో అంది. ఈసారి ఆమె కూడా కడుపునిండా తిన్నది.

కొన్ని రోజులకు పిల్ల గండం గడిచిందని, గంజి అడిగి తాగిందని ఫోన్ వచ్చింది. అది అక్కడి డాక్టర్ల పుణ్యం, సెలైన్ సీసాల పుణ్యం. ఈ మాట అప్పుడూ అందరికీ తెలుసు. అమ్మ మాత్రం ఆ రోజు పనంతా పాటలు పాడుతూ చేసుకుంది.

ఆ నెలలోనే అట్టపెట్టె మూత అంటించారు. అమ్మ అందులో ఒక డబ్బా మురుకులు పెట్టింది. మూసేముందు అక్క ఒక పసుప్పచ్చ గౌను బయటికి తీసి నాకు ఇచ్చింది. పిల్ల జ్వరంతో చిక్కిపోయింది కాబట్టి ఇది ఆమెకు మరీ వదులవుతుందట. అది కూడా అప్పటికప్పుడు కల్పించిన మాటేనేమో. నేను ఆరా తీయకుండా తొడుక్కున్నాను.

ఏడాదిలో కంపెనీ పని అయిపోయి మేము వచ్చేశాం. అక్క ఏ దేశం పోయిందో తెలియదు. అమ్మా అక్కా ఆ సంగతి చివరిదాకా ఒకరితో ఒకరు తేల్చి మాట్లాడుకోలేదు. ఒకరి అబద్ధాన్ని ఒకరు గౌరవంగా దాచుకున్నారు. నిజాలన్నీ చెప్పేస్తేనే మంచితనం అని బడిలో నేర్పిన పాఠాన్ని నేను ఆ తరవాత కొంచెం అనుమానంగానే చదివాను.

మొన్న మనవరాలి మొదటి పుట్టినరోజుకు అమ్మ పాత గొట్టమే దించాను. నాన్న నునుపు చేసిన బిళ్ళ ఇంకా అందులోనే ఉంది. పళ్ళెం నిండా ఒకే పోగు ఒత్తుతుంటే మా వియ్యపురాలు వింతగా చూసి, ఇదేం ఆచారం వదినా, మేమెక్కడా చూడలేదు అంది. నా పిల్లల పుట్టినరోజులన్నిటికీ ఇది ఒత్తాను, నా పిల్లలు వాళ్ళ పిల్లలకు ఒత్తుతారు. నేను తలెత్తకుండా, కొసకు కొస తడివేలితో అతుకుతూ చెప్పాను.

“మా దిక్కు పుట్టినరోజుకు గిట్లనే చేస్తరు.”

ఇప్పుడది అబద్ధం కాదు.