మందిరానికి గాలి బండి

చాలా నెలలు అమ్మకు ప్రభువు బల్ల రొట్టె ఇంటికే వచ్చింది. ప్రతి నెలా మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘ కాపరి అయ్యగారు తెల్లగుడ్డలో చుట్టి తెచ్చేవారు. అమ్మ మంచం మీదే లేచి కూర్చొని, కొంగు తల మీదికి లాక్కొని, రెండు చేతుల్లోకి తీసుకునేది. ఆయన గడప దాటగానే గోడవైపు తిరిగి పడుకునేది.

"పదిమందిల కూసొని తింటేనే అది బల్ల. గిది గోలి మింగినట్టున్నది," అనేది.

ఎల్లారెడ్డి ఊరికి ఈ చివర మా ఇల్లు, ఆ చివర మందిరం. మేం అవ్వ అని పిలిచే అమ్మకు ఉబ్బసం. ఆటో ఎక్కితే సగం దారికే పొగ పట్టి ఎగశ్వాస వచ్చేది. బైకు మీద కూర్చుందామంటే నడుము నిలవదు. నేను అదే మందిరంలో పిల్లలకు ఆదివారం బడి చెబుతాను. మట్టితో చేసిన మనిషి ముక్కులో దేవుడు ఊపిరి ఊదాడని పిల్లలకు చెబుతుంటే ఇంట్లో ఊపిరి కోసం పెనుగులాడే అమ్మే కళ్ల ముందు మెదిలేది. పాట మధ్యలో తలుపువైపు చూసేదాన్ని.

మా అన్నకు కామారెడ్డిలో పెద్దరోడ్డు పక్కన టైర్ల దుకాణం ఉంది. లారీ చక్రాల నట్లు విప్పే గాలి గన్ను చేతిలో పట్టుకొని ఒకరోజు నాతో అన్నాడు: "మనిషి పానా మీద నిలబడి తొక్కినా కదలని నట్టును గాలి తిప్పుతుంటే, ఆటో చక్రాన్ని తిప్పదా చెల్లె?"

పాత ఆటో ఒకటి తెచ్చి ఇంజను పీకేశాడు. సీటు కింద లారీ బ్రేకుల గాలి ట్యాంకులు బిగించాడు. పాత ఇనుప సామాను కొట్లో దొరికిన గాలి మోటారును చక్రాలకు కలిపాడు. ఇరుకు సందులో దాన్ని ముందుకీ వెనక్కీ నడుపుతుంటే మా వదిన చీపురు పట్టుకొని నిలబడేది.

"కరెంటు ఆటోలు రోడ్డు నిండ తిరుగుతున్నయి. మీ అన్నకే గాలి తలకెక్కింది," అని నేను పోయినప్పుడల్లా నన్ను చూసి నవ్వేది.

"బ్యాటరీ చెడిపోతే ఏడ పారేస్తవే? ట్యాంకు తుప్పు పడితే అతుకేస్త," అనేవాడు అన్న.

నాకు నవ్వు వచ్చేది కాదు. "గాలి నింపే కంప్రెషరు నడిచేది కరెంటు తోటే గద అన్నా. ఇక్కడ రాని పొగ బొగ్గు కాలే కాడ వస్తది," అన్నాను.

"వస్తది. గాలిని నొక్కితే వేడెక్కుతది, గా వేడి గూడ ఉత్తగ పోతది. నాకు ఎరికే. అవ్వ ముక్కు కింద పొగ ఉంటదా ఉండదా, అది చెప్పు."

పొగ ఉండదు, నిజమే. లారీలో ఉండేంత ఒత్తిడే పెడుతున్నానని అతను ఎన్నిసార్లు చెప్పినా, ఆ ట్యాంకుల మీద అమ్మ కూర్చుంటుందనుకుంటే నిద్ర పట్టేది కాదు. ప్రార్థనకు మోకరించినా మాటలు సాగేవి కావు.

వానాకాలంలో ఒక మొదటి ఆదివారానికి బండిని డీసీఎం లారీలో ఎక్కించి ఎల్లారెడ్డి తెచ్చాడు. పొద్దున్నే పంక్చరు దుకాణంలో ట్యాంకులు నింపుకొని వచ్చాడు. కొత్త బండి ఏది కొన్నా మా సంఘంలో ఇంటి ముందే ప్రార్థన చేసి ప్రతిష్ఠిస్తారు. ఇంజను నడుస్తూనే ఉండాలి. చచ్చిన ఇనుమును దేవుని ముందు పెట్టకూడదని మా పెద్దలు అంటారు. ట్రాక్టరుకైనా బైకుకైనా అలాగే చేశాం. అందుకే అయ్యగారు, సంఘ పెద్ద వచ్చి నిలబడగానే అన్న అలవాటు కొద్దీ వాల్వు తిప్పాడు. మోటారు గేరు పడకుండా నిలబడ్డచోటే బుసకొడుతూ తిరగసాగింది. అమ్మ అప్పటికే ఉతికిన తెల్లచీర కట్టుకొని వెనక సీట్లో కూర్చుంది.

అయ్యగారు క్లుప్తంగా ముగించారు. సంఘ పెద్ద అందుకున్నాడు. ఆయన ప్రార్థన లోకసృష్టితో మొదలైంది. జలప్రళయం దాకా వచ్చేసరికి నా చెవుల్లో బుస తప్ప ఇంకేమీ లేదు. పెట్రోలు బండి ఊరికే నిలబడి నడిచినా తాగేది కొంచెమే. ఇది నిలబడ్డా తన బలమంతా ఒలకబోసుకుంటుంది. ఈ సంగతి మా ఎవరికీ ముందు తట్టలేదు. అన్నకు తట్టే ఉంటుంది. కానీ ఆమెన్ దాకా కళ్లు తెరవకూడదని మా ఇద్దరికీ అమ్మే చిన్నప్పుడు నేర్పింది.

ప్రభువా క్షమించు అనుకొని నేను కళ్లు తెరిచాను. గాలి ఒత్తిడి చూపే గడియారం లాంటి మీటరులో ముల్లు సగానికంటే కిందికి జారింది. అన్న కళ్లు గట్టిగా మూసుకొని పెదవి కొరుక్కుంటున్నాడు. రెండడుగులు వేసి వాల్వు మూశాను. బుస ఆగింది. ఆ నిశ్శబ్దానికి సంఘ పెద్ద మాట తడబడింది. ప్రార్థన అయిపోయిందనుకొని చుట్టూ ఉన్నవాళ్లంతా "ఆమెన్" అన్నారు.

"ఇంకా ప్రవక్తల కాడికి రాలేదు," అన్నాడాయన నొచ్చుకుంటూ.

"ప్రవక్తలు నడుచుకుంట వస్తరు తియ్ బాపు. నేను నడవలేను," అంది అమ్మ.

బండి కదిలింది. పొగ లేదు. వెనక అయ్యగారి బైకు మీద నేను. బస్టాండు దాటేదాకా అమ్మ వీపు నిటారుగానే ఉంది. భుజాలు ఎగిరిపడడం లేదు. ఆ తర్వాత వేగం తగ్గింది. వ్యాకోచించే గాలికి మోటారు చల్లబడి, ముసురు తేమంతా దాని మీద తెల్లటి మంచులా పేరుకుంది. చిన్న ఎత్తు ఎక్కలేక బండి ఆగిపోయింది.

అన్న దిగి మోటారు మీద చెయ్యి పెట్టి చివుక్కున తీసుకున్నాడు. ఎవరి ముఖమూ చూడలేదు.

"నూకుండ్రి, ఏం చూస్తున్నరు," అంది అమ్మ.

సంఘ పెద్దే మొదట పంచె ఎగగట్టాడు. దారిలో ఆరాధనకు పోతున్నవాళ్లు బైబిళ్లు చంకన పెట్టుకొని నెట్టడానికి చేతులేశారు. "ట్యాంకుల ఉన్నదానికంటే బాపు నోట్లనే గాలి ఎక్కువున్నది," అని ఎవరో అంటే సంఘ పెద్ద కూడా రొప్పుతూ నవ్వాడు. అమ్మ మందిరం ముందు దిగింది. దగ్గు రాలేదు.

రొట్టె పంచే వేళకు అమ్మ వరుసలో, ఇద్దరు ఆడవాళ్ల మధ్య ఉంది. ముక్క చేతిలోకి తీసుకుంది, తినలేదు. తల తిప్పి వెతికింది. అన్న లోపల లేడు.

నేను బయటికి వెళ్లాను. మోటారు ముందు గొంతుకూర్చొని, కరిగి కారుతున్న నీళ్లను గుడ్డతో తుడుస్తున్నాడు.

"అవ్వ పిలుస్తున్నది."

"ఏ ముఖం పెట్టుకొని రావాలె? తెస్తనని చెప్పి సగం తొవ్వల నిలబెట్టిన."

"సగం తొవ్వ నువ్వే గద తెచ్చింది. ఆమె ఊపిరి మంచిగున్నది, పోయి చూడు. రొట్టె చేతిల పట్టుకొని కూసున్నది. నువ్వు రానిది తినదట."

అన్న లేచాడు. గుడ్డ అక్కడే పారేసి, తడి చేతులు చొక్కాకు తుడుచుకొని, చెప్పులు విడిచి నాకంటే ముందే లోపలికి నడిచాడు.