రెండు సీట్ల కారులో అత్తగారు

ఆ శనివారం ఉదయం మా అత్తగారు కూర్చోబోయే కారు సీటు మీద నేను తువ్వాలు పరిచాను. దాని కింద ఒక ప్లాస్టిక్ కవరు కూడా వేశాను. అప్పుడది జాగ్రత్త అనిపించింది. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ముందు కారు సంగతి చెప్పాలి. డెబ్బైల నాటి అమెరికన్ స్పోర్ట్స్ కారు. పొడుగాటి ముక్కు, నేలను రాసుకుంటున్నట్టుండే ఒళ్లు, రెండే రెండు సీట్లు. పందేల వయసు దాటిపోయింది గానీ, తాపీగా నాలుగు గంటలు నడిపినా నడుము నొప్పి రానివ్వదు. కెనడాలో, మిల్టన్ అనే ఊళ్లో మా టౌన్‌హౌస్ గరాజులో మూడు చలికాలాలు దానితోనే కాపురం చేశాను. తుప్పు గీకాను, వైర్లు మార్చాను. ఇంజను విప్పి బిగించాక రెండు బోల్టులు మిగిలిపోతే, అవి ఎక్కడివో తెలియక వారం రోజులు తల పట్టుకున్నాను. చివరికి సీట్లకు మీగడ రంగు తోలు వేయించాను. ఆ తోలు వచ్చిన దగ్గర్నుంచి నాకు కొంచెం పిచ్చి పట్టింది. ఎక్కేవాళ్లు బూట్లు విప్పాలన్నాను. పక్కింటాయన మొహమాటానికి మేజోళ్లతో ఎక్కి, బూట్లు ఒళ్లో పెట్టుకుని ఊరంతా తిరిగొచ్చాడు.

మా అత్తగారు ఆ వేసవికి కాకినాడ నుంచి వచ్చారు. లెక్కల టీచరుగా చేసి రిటైరైన మనిషి. తరగతిలో ఎలా ఉండేవారో గానీ, అల్లుడి ముందు మాత్రం పాత పద్ధతే. నేను హాల్లోకి వస్తే లేచి వంటింట్లోకి వెళ్తారు. నేను ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నా, "బాబుకి ఇంకాస్త పులుసు వెయ్యవే" అని కూతురితోనే అంటారు. మా పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో నా పక్కన సోఫాలో కూర్చున్నది లేదు.

ఆమె అడిగిన కోరిక ఒక్కటే. తనతో పాటు అదే బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన స్నేహితురాలు సార్నియాలో కొడుకు ఇంటికి వచ్చి ఉన్నారు. సోమవారం తిరుగు ప్రయాణం. ఇండియాలో ఆవిడ ఉండేది భోపాల్‌లో కూతురి దగ్గర, కాకినాడ వైపు వచ్చే వీలు లేదు. కలిస్తే ఇప్పుడే కలవాలి. సార్నియా వెళ్లాలంటే కారుండాలి. మా మామూలు కారు మా ఆవిడ ఆఫీసు పని మీద ఒట్టావా తీసుకెళ్లింది. అక్కడి నుంచే ఫోన్లో తేల్చేసింది.

"నీ ముద్దుల కారుందిగా. ఒక సీటు నీకు, ఒక సీటు అమ్మకి."

"అత్తయ్యగారు నా పక్కన కూర్చుంటారా?"

"మరి డిక్కీలో కూర్చోబెడతావా?"

ఆ కారుకి డిక్కీ తలుపే లేదు. అత్తగారు చాలాసేపు ఆలోచించి ఒప్పుకున్నారట.

శనివారం కారు బయటికి తీసి తుడుస్తుంటే ఆమె తల గుర్తొచ్చింది. రోజూ కొబ్బరినూనె దట్టంగా పట్టించి ముడి వేసుకుంటారు. ఆ ముడి నా మీగడ రంగు తోలుకి ఆనడం కళ్ల ముందు కనిపించింది. లోపలికి పరుగెత్తి తువ్వాలు తెచ్చాను.

ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని, సున్నుండల డబ్బా పట్టుకుని వచ్చారు. నేను చెప్పకుండానే చెప్పులు విప్పి పక్కగా పెట్టారు. అప్పుడు సీటు చూశారు.

"రాత్రి నూనె రాసుకోలేదు బాబూ. పొద్దున్నే తలస్నానం చేశాను. షాంపూ రెండుసార్లు పెట్టాను."

నాతో నేరుగా ఆమె అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. తువ్వాలు తీసేయాల్సిన క్షణం అది. నేను మాత్రం, "ఎందుకైనా మంచిది కదా అత్తయ్యగారూ" అన్నాను.

"మంచిదే," అన్నారు. "అంత దూరం ఎందుకులెండి. ఫోన్లో మాట్లాడుకుంటాం." చెప్పులు తొడుక్కుని లోపలికి వెళ్లిపోయారు.

పది నిమిషాలకు మా ఆవిడ ఫోను. బయల్దేరారా అంది. జరిగింది చెప్పాను.

"తువ్వాలు వేశావా? మా అమ్మకి?"

"కొత్త తోలు కదా అని..."

"పాత ఓనరు ఆ సీట్లోనే కుక్కని తిప్పేవాడని నువ్వే మురిసిపోతూ చెప్పావు!"

"అప్పటి తోలు వేరు."

"ఇంకొక్క ముక్క మాట్లాడకు. అక్కడ ఆంటీ వంట చేసుకుని ఎదురుచూస్తోంది. ఏం చేస్తావో చెయ్యి, అమ్మ ఇవాళ అక్కడ ఉండాలి."

తువ్వాలు, కవరు తీసి గరాజు మూలకి విసిరేశాను. బాత్రూంలో అత్తగారి నూనె సీసా తీసి తల మీద ఒంపుకున్నాను. నాకు జుట్టు తక్కువ, నూనె ఎక్కువైంది. వంటింట్లో ఆమె కరివేపాకు దూస్తున్నారు.

"అత్తయ్యగారూ, తప్పయిపోయింది. తువ్వాలు తీసేశాను. ఆ కారులో ఇక నూనె తల నాదొక్కటే. రండి."

ఆమె తిరిగి చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదులుతున్నాయి.

"అంత నూనె ఎవరన్నా పెడతారా బాబూ? కళ్లలోకి కారుతోంది. అలా నడుపుతారా? ముందు మొహం కడుక్కోండి." అది టీచరు గొంతు. కడుక్కున్నాను. "చెవుల వెనక?" అదీ కడుక్కున్నాను.

కారులో మొదటి గంటంతా తలుపుకి అతుక్కుపోయి, మొక్కజొన్న చేలు చూస్తూ కూర్చున్నారు. దారిలో లండన్ అనే ఊరొకటి ఇక్కడా ఉంది, అది దాటాక గొంతు సవరించుకున్నారు.

"ఇది ఇంతకన్నా తొందరగా పోదా?"

"పోతుందండీ."

"మరి?"

సార్నియాలో స్నేహితురాలు గుమ్మంలోనే పట్టుకున్నారు. "పదకొండుకి వస్తానని పన్నెండు చేశావు! ఏమైపోయావే?"

"రోడ్డు మీద రద్దీ," అన్నారు మా అత్తగారు, నా వైపు చూడకుండా.

ఆ రోజు రోడ్డు ఖాళీగా ఉంది. నా పరువు కోసం ఆమె అబద్ధమాడారు. దాని చాటున హాయిగా భోంచేసి రావచ్చు. అలా చాటున ఉండిపోవడం నాకు అలవాటే.

"రద్దీ కాదండీ," అన్నాను. నూనె కారిన చొక్కాతో ఆ గుమ్మంలోనే నిలబడి, తువ్వాలు దగ్గర మొదలుపెట్టి, ఏదీ దాచకుండా చెప్పాను. భోజనాలయ్యాక ఇద్దర్నీ పెరట్లో కుర్చీలేసి కూర్చోబెట్టి, గిన్నెలన్నీ నేనే తోమాను. సాయంత్రం వాళ్లు లేచేదాకా కారు తాళాలు జేబులోంచి తీయలేదు.