గలాల్ మామ చెప్పులు

రాజవంశాలకు శాసనాలుంటాయి. అలెగ్జాండ్రియాలో చేపల రేవు వెనక సందులో ఉండే హాజీ దసూకీగారి వంశానికి మాత్రం ఒక వేయించిన చేపల పళ్ళెమే మూలాధారం. పూర్వం ఒకానొక శుక్రవారం మధ్యాహ్నం గలాల్ మామ చెప్పాపెట్టకుండా స్నేహితుల దండును వెంటేసుకుని భోజనానికి దిగబడ్డాడు. చూస్తే చేపలు ఇంటివాళ్ళకే చాలీచాలకుండా ఉన్నాయి. హాజీగారి భార్య బహీగా గుమ్మంలో అతిథులు విడిచిన చెప్పుల వైపు చూసి, "గలాల్ మామ చెప్పులు!" అంది. పిల్లలు ఎక్కడి చేతులు అక్కడే ఆపేశారు. వచ్చినవాళ్ళు తృప్తిగా తిన్నారు. ఇంటి పరువు నిలబడింది. గలాల్ మామ ఆ తర్వాత కాలం చేశాడు గాని ఆయన చెప్పులు చిరంజీవులయ్యాయి.

మొదట్లో ఆ మాటకు 'ఇక తినకండి, అతిథులకు మిగల్చండి' అన్న అర్థం ఒక్కటే ఉండేది. పోనుపోను రాజ్యం పెరిగినట్టు అర్థమూ పెరిగింది. నోరు ముయ్యి, ఆ సంగతి ఎత్తకు, లేచినవాడివి కూర్చో, అన్నింటికీ అవే చెప్పులు.

ట్రాము షెడ్డులో గుమాస్తా వగ్దీ ఈ ఇంటి పిల్ల ఇన్సాఫ్‌ను చేసుకుని, వేరే ఇల్లు కుదిరేదాకానే అనుకుంటూ ఇల్లరికం వచ్చాడు. కొత్తల్లుడి మర్యాదలు బాగానే జరిగాయి. ఒకరోజు చుట్టాలొచ్చినప్పుడు బహీగా సూటిగా అతని కళ్ళలోకి చూసి ఆ మాట అంది. వగ్దీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆవిడ కళ్ళు చెమర్చాయి.

"ఇవాళ్టితో నువ్వు మావాడివైపోయావు నాయనా!"

మావాడు కావడమంటే అర్ధాకలితో లేవడమని ఆ సాయంత్రం సందు చివర ఫలాఫెల్ వడల బండి దగ్గర నిలబడి తింటుంటే అతనికి బోధపడింది.

ఇప్పుడు ఇద్దరు పిల్లలు. గది మాత్రం అదే. మంచం దిగాలంటే ముందు బావమరిది సైకిలుకు సలాము కొట్టాలి. ఇన్నాళ్ళకు సీదీ బిష్ర్ పేటలో, కిటికీలోంచి కాస్త సముద్రం కనిపించే ఇల్లొకటి తగిలింది. శుక్రవారం పొద్దువాలే వేళ చేసే అసర్ నమాజులోగా వచ్చి ఔనో కాదో తేల్చమన్నాడు ఇంటాయన.

"భోజనాల దగ్గర నువ్వే కదుపు. నీ వెనక నేనుంటాగా" అంది ఇన్సాఫ్. వెనక ఉండటంలో ఆమెది అందెవేసిన చెయ్యి.

ఆ శుక్రవారం అందరూ బల్ల చుట్టూ చేరాక వగ్దీ గొంతు సవరించుకున్నాడు.

"అత్తయ్యా, సీదీ బిష్ర్‌లో ఒక ఇల్లు చూశాను..."

"గలాల్ మామ చెప్పులు" అంది బహీగా.

హాజీగారి చెంచా గాలిలో ఆగింది. ఇన్సాఫ్ తల దించుకుంది.

"బయటివాళ్ళెవరూ లేరు కదత్తయ్యా!"

"బావా," అని కిసుక్కున నవ్వాడు బావమరిది హైసమ్. "ఆ చెప్పులు దాటి వెళ్ళిన మగాడు మనింట్లో ఉన్నాడా?"

వగ్దీకి పౌరుషం పొడుచుకొచ్చింది. "అయితే ఇవాళ నేను మీవాణ్ణి కాదు, అతిథిని. ఆ చెప్పులు నాకు వర్తించవు. తిన్నాను, సంతోషం, వెళ్ళొస్తాను" అని లేచాడు.

బహీగా ముఖం విప్పారింది.

"అతిథా! అయ్యో నా తండ్రీ! అతిథి మా ఇంట్లో ముక్క కొరికి లేచిపోతాడా? ఏమండీ, చూస్తూ కూర్చున్నారేం?"

హాజీగారు బల్ల మీద అరచేత్తో చరిచారు. "అల్లుడూ! నువ్వు కడుపునిండా తినకుండా గడప దాటావా, మీ అత్తకు నేను తలాక్ చెప్పినట్టే! ఒట్టు!"

అత్తగారి కాపురం అల్లుడి కడుపు మీదికి వచ్చింది. అలాంటి ఒట్టును తొక్కి వెళ్ళినవాడు ఆ సందులో లేడు. వగ్దీ కూలబడ్డాడు.

చేపల పళ్ళెం మొత్తం అతని ముందుకు జరిగింది. మిగతావాళ్ళు మర్యాదగా చేతులు కట్టుకున్నారు. కన్నపిల్లలు అతని ముద్దలు లెక్కపెడుతున్నారు. చేపల తర్వాత బత్తాయిలు, బత్తాయిల తర్వాత టీ వచ్చాయి. వద్దన్నప్పుడల్లా హాజీగారు కొత్తగా ఒట్టు పెట్టుకున్నారు.

"ఇన్సాఫ్, టైమవుతోందే!" అన్నాడు వగ్దీ గొంతు తగ్గించి.

"నేనేం చెయ్యను? అతిథినన్నావు మరి" అంటూ ఆమె వెనక నుంచి ఇంకో చేప వడ్డించింది.

మసీదులో అసర్ పిలుపు వినిపించింది. ఇంత నిండుగా ఆ ఇంట్లో అతనెన్నడూ తినలేదు.

సీదీ బిష్ర్ ఇంటిని నమాజు కాగానే ఒక మందుల షాపాయన తీసుకున్నాడు.