శేషారత్నంగారికి నచ్చని లేబుల్

పొద్దున అమ్మ కొత్త నువ్వుల నూనె డబ్బా మూత తీసింది. ఆ కమ్మటి వాసన వంటింట్లోంచి నా కంప్యూటర్ దాకా వచ్చేసరికి ఇక పని సాగలేదు. జగ్గయ్యపేటలో గానుగ నూనె అమ్మే శేషారత్నంగారు ఎదురుగా వచ్చి కూర్చున్నట్టే అయింది. నాకు డిజైన్ నేర్పింది కాలేజీ. ఆ పనితో బతకడం నేర్పింది మాత్రం ఆవిడే.

అప్పటికి నందిగామలో డిజైన్ షాపు పెట్టి ఏడాది కాలేదు. బోర్డు పెద్దది, బేరాలు చిన్నవి. వచ్చినవాళ్ళంతా "ముందు డిజైన్లు వేసి చూపించమ్మా, నచ్చితే చూద్దాం" అనేవారు. వేసేదాన్ని. కొందరు మళ్ళీ కనిపించేవారు కాదు. కొందరు వాటినే పక్క షాపులో ప్రింటు కొట్టించుకునేవారు. "వేసవి దాకా చూసి షాపు ఎత్తేద్దాం" అని నాన్న తేల్చి చెప్పేశారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

శేషారత్నంగారు కొత్తగా సీసాల్లో నూనె అమ్మబోతున్నారని విని, అడగకుండానే లేబుళ్ళు వేసుకుని జగ్గయ్యపేట బస్సెక్కాను. ఫోన్లో అవి చూపించబోతే ఆవిడ చటుక్కున మొహం తిప్పేసుకున్నారు.

"చూపించకమ్మాయ్. చూస్తే కళ్ళల్లో ఉండిపోద్ది. రేపు వేరేవాళ్ళ చేత చేయించినా నీ రంగులే అడుగుతా. అది దొంగతనం కాదూ?"

"ఊరికేనే పిన్నిగారూ. మీరు మాత్రం నూనె రుచి చూపించట్లేదా?" అన్నాను. నా నోరు ఊరుకోదు కదా!

ఆవిడ నవ్వారు. "చేతిలో చుక్క వేస్తా, మిగతా డబ్బా ఇంకోళ్ళకి అమ్ముకుంటా. నా పేరు రాసిన లేబుల్ నువ్వెవరికి అమ్ముతావే?"

ఆ లేబుళ్ళు పక్కన పెట్టించి, నేను ఇదివరకు ఇతరులకు చేసిన పనులు అడిగి చూసి, "ఎక్కడా ఎత్తుకొచ్చినట్టు లేవే" అన్నారు. పక్కనున్న ఆవిడ మరిది "పదిమందిని వేయమందాం వదినా, బాగున్నది తీసుకుందాం. ఖర్చేముంది?" అన్నాడు. "పదిళ్ళల్లో వంట చేయించి ఒక్కింట్లో తింటావా? మిగతావాళ్ళ ఉసురు నాకెందుకు?" అని కసిరి, అడ్వాన్సు నా చేతిలో పెట్టారు.

ఇది బాగా కుదిరితే పేటలో మిగతా షాపులవాళ్ళూ వస్తారు, నా షాపు నిలబడుతుంది. ఆ ఆశతో ఒళ్ళు దాచుకోకుండా చేసి, చెప్పిన రోజుకి తీసుకెళ్ళాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"నచ్చలేదమ్మాయ్."

మార్చి తెచ్చినా అదే మాట. అయినా ఆవిడ మిగతా డబ్బంతా తీసి ఇచ్చారు.

"ఇదెందుకండీ? మీరు వాడట్లేదు కదా!"

"కష్టపడ్డావా లేదా? నచ్చకపోవటం నా తంటా. ఆ రెంటికీ లంకె పెట్టకు."

బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. డబ్బు ముట్టినా షాపు పోయినట్టే అనుకున్నాను.

తర్వాత కొద్ది రోజులకే పేట నుంచి కారప్పొడి వ్యాపారి ఒకాయన వచ్చి, "శేషారత్నంగారు పంపారండి" అన్నాడు.

"ఆవిడకి నా పని నచ్చలేదే!"

"ఆ మాటా చెప్పారండి. నచ్చలేదట గానీ, చెప్పిన రోజుకి తెస్తారట, ఇంకోళ్ళది ఎత్తుకొచ్చే రకం కాదట. నాకు అది చాలు."

ఆయన వెనక మరికొందరు వచ్చారు. వేసవి వెళ్ళిపోయింది. షాపు ఎత్తేసే మాట నాన్న మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు నా దగ్గర ఇద్దరు అమ్మాయిలు పనిచేస్తున్నారు. ఊరికే నమూనాలు వేయం. చేసిన పనులు చూపిస్తాం, అడ్వాన్సు తీసుకుంటాం. కొందరు లేచి వెళ్ళిపోతారు, వెళ్ళనీ. ఒకప్పుడు నచ్చలేదంటే నన్నే వద్దన్నట్టు కుంగిపోయి అన్నం మానేసేదాన్ని. ఇప్పుడు ఎవరైనా ఆ మాట అంటే కుర్చీ ముందుకు జరుపుకుని, "ఏది నచ్చలేదో చెప్పండి" అని అడుగుతున్నాను.