కోళ్ళు తాగే మందు

మునిలక్ష్మి రెండొందల ఫారం కోళ్ళను బస్సెక్కించి, తిరుపతి డాక్టరమ్మ ముందు వరసగా నిలబెట్టి సాక్ష్యం చెప్పించింది. ఒక్క కోడీ టిక్కెట్టు తీసుకోలేదు, కండక్టరు నోరెత్తితే ఒట్టు. వడమాలపేటలో ఎవరినైనా అడగండి.

ఎనభై మూడో సంవత్సరం మాట. మునిలక్ష్మికి దేవరాజులు కోళ్ళఫారంలో పని. రోజూ దాణా వేయాలి, నీళ్ళ తొట్టెల్లో పసుపుపచ్చ పొడి కలపాలి. ఆదివారాలు కోళ్ళను కోసి, ఈకలు పీకి, పేగులు తీయాలి. కూలి కాక కాళ్ళు, కందనకాయలు ఇంటికి తెచ్చుకునేది. ఆ చేతులతోనే, ఆ కత్తిపీట మీదే ఇంట్లో కూర.

ఆ వేసవిలో మూత్రంలో మంట పట్టుకుంది. గడియకోసారి కంపచెట్ల చాటుకు పరుగు; పోతే నాలుగు చుక్కలు, అవీ నిప్పుకణికలు. "వేడి సేసుంటాది, మజ్జిగ తాగు" అన్నాడు మొగుడు చెంగయ్య. వారం తిరిగేసరికి చలిజ్వరం, నడుం నొప్పి. బజారు డాక్టరు క్యాప్సూళ్ళిచ్చాడు. తగ్గలేదు. మళ్ళీ పోతే మళ్ళీ అవే. మూడోసారి, వరండా నిండా జనం వింటుండగా అన్నాడు: "ముందు ఒంటి శుభ్రం నేర్చుకో. కడుక్కోకపోతే ఏ మందు పనిచేస్తుంది?"

రెండుపూటలా నీళ్ళు పోసుకునే మనిషిని పట్టుకుని! మునిలక్ష్మి ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి, గొంతు దిగని క్యాప్సూలును విప్పి నీళ్ళలో కలిపింది. నీళ్ళు పసుపుపచ్చగా మారాయి, వేళ్ళకూ రంగంటింది. కోళ్ళ పొడి రంగూ, ఆ చేదు వాసనా ఆమెకు కొత్తా? రెండేళ్ళుగా గోళ్ళలోంచి పోతే కదా!

పొద్దున్నే దేవరాజులును నిలదీసింది. "అన్నా, ఏం జబ్బని కోళ్ళకు ఆ పొడి పోస్తా ఉండాము?"

"జబ్బేంది మే? రాకుండానే పోస్తాము. బరువు గూడా బాగా తూగుతాయి."

"జబ్బు లేని కోడికి ఏడాదంతా మందు! ఆ మందు నాకు పట్టకపోతే నేను కడుక్కోలేదంటనా?"

"డాక్టరు కంటే నీకు తెలుసా? మూడో తరగతి గూడా సదవలే నువ్వు."

"సదవలే. వాసన తెలుసు."

జ్వరంతోనే తిరుపతికి పోయి, డాక్టరమ్మ పంకజాక్షి బల్ల మీద పొడి డబ్బా పెట్టింది. "ఇది తప్ప ఇంకేదన్నా ఇయ్యమ్మా. ముందు నా నీళ్ళు పరీక్ష చెయ్యి. శుభ్రం సంగతి తర్వాత మాట్లాడుకుందాము."

డాక్టరమ్మ డబ్బా మీది అక్షరాలు చదివింది, క్యాప్సూళ్ళలో ఉన్నదీ ఆ మందేనంది, మూత్రం పరీక్షకు పంపింది. మూడో రోజు తేలింది: పేగుల్లో ఉండే క్రిమే మూత్రంలో చేరింది. బజారు డాక్టరిచ్చిన మందంటే దానికి లెక్కే లేదు.

"కోళ్ళ నుంచే వచ్చిందామ్మా?"

"వచ్చుండొచ్చు. రోజూ మందు తాగే కోళ్ళ పేగుల్లో క్రిములు ఆ మందుకు అలవాటు పడిపోతాయి. కచ్చితంగా అదేనని మాత్రం రాసివ్వలేను. కోళ్ళు కోసిన కత్తిపీట ఇంట్లో వాడొద్దు, చేతులు సబ్బుతో కడుక్కో."

వేరే మందు రాసింది. నాలుగు రోజులకు మంట చల్లారింది. బజారు డాక్టరు మాత్రం వరండాలో అన్న మాట ఈ రోజుకీ వెనక్కి తీసుకోలేదు.

రెండొందల కోళ్ళ సంగతి కదిలిస్తే మునిలక్ష్మి సబ్బుతో చేతులు రుద్దుకోవడం ఆపను కూడా ఆపదు. "కోళ్ళు యాడివప్పా? ఒక డబ్బా తీసకపోయినా. అది గూడా ఖాళీది."