గడి ముందర విడిచిన చెప్పులు

నా చిన్నప్పుడు మా తాతయ్య ప్రేమ నాకొక్కదానికే చెందాలని గట్టిగా నమ్మేదాన్ని. పాల్మాకుల దాటాక గుట్టల నడుమ ఉండే మా ఊళ్లో ఏడాది పొడవునా ఆయన వెంట తిరిగేదీ, చెల్కలో పనికి పోతే సద్దిమూట మోసుకుపోయేదీ నేనే. అయినా వేసవి సెలవుల్లో పట్నం నుంచి మా మేనత్త కూతురు దిగిందంటే ఆయన చూపంతా ఆమె మీదకే పోయేది. ఆమెది నా వయసే. ఒక ఏడాది ఆమె మెరిసే ఎర్ర చెప్పులతో వచ్చింది. నావి తాతయ్య స్వయంగా కుట్టిన తోలు చెప్పులు. అంతకు ముందు రోజు వరకు వాటిని మించినవి లేవనుకున్న నాకు ఆ పూట అవి మొరటుగా కనిపించాయి.

ఊరి వెనుక గుట్ట మీద పాడుబడిన గడి ఒకటి ఉండేది. ఒకప్పుడు దొర కాపురమున్న కోట వంటి ఇల్లు అది. దొరల కాలం పోయాక తలుపులూ దూలాలూ ఎవరెవరో పట్టుకుపోగా మొండిగోడలు మిగిలాయి. చీకటి పడితే అక్కడ మనిషి మూలుగు వినిపిస్తుందని ఊళ్లో చెప్పుకునేవారు. చూపించమని నేనెన్నిసార్లు బతిమాలినా తాతయ్య, "గాడ ఏముంది బిడ్డా, గబ్బిలాలు తప్ప" అని తప్పించుకునేవారు. మేనత్త కూతురు మాత్రం ఒక్కసారే అడిగింది. "పోదాం తియ్ తల్లీ" అన్నారాయన. నాకు కడుపు మండిపోయింది.

ఆదివారం చర్చిలో ప్రార్థన ముగిశాక ముగ్గురం బయలుదేరాం. సీతాఫలం పొదల మధ్య కాలిబాటలో ఆమె ఆయన వేలు పట్టుకుని ముందు నడిచింది. నీళ్ల చెంబు మోస్తూ నేను వెనుక నడిచాను. ఆమె "ఇగ ఎంత దూరం తాతా" అన్నప్పుడల్లా ఆయన ఆగి, నీడ చూసి బండ మీద కూర్చోబెట్టేవారు.

"నేను గూడ అలిసిన" అన్నాను ఒకసారి.

"రోజూ మేకల ఎంట ఉరుకుతవు, నీకేంది" అని నవ్వేశారు. నాకు నవ్వు రాలేదు.

గడి ద్వారం ముందుకు చేరగానే తాతయ్య ఆగి, చెప్పులు విడిచి, చంకలో పెట్టుకున్నారు. ఆలోచించి చేసినట్టు లేదు. నిద్రలో చేసినట్టుంది. మేనత్త కూతురు పకపకా నవ్వింది.

"లోపట గబ్బిలాలకు దండం పెడ్తవా తాతా?" అంటూ ఎర్ర చెప్పులు టపటపలాడించుకుంటూ లోపలికి ఉరికింది. తాతయ్య ఆమె పాదాల వైపే చూస్తూ నిలబడిపోయారు. ఆ చూపును ఎలాగైనా నా వైపు తిప్పుకోవాలనిపించింది. మర్యాద తెలిసిన మనుమరాలిని నేనేనని నిరూపించడానికి చెప్పులు విడిచి, అచ్చం ఆయనలాగే చంకలో పెట్టుకున్నాను.

ఆయన ముఖం నల్లబడింది. నన్నెన్నడూ కసరని మనిషి, "తొడుక్కో" అని గద్దించారు.

నాకు దుఃఖం ఆగలేదు. "అది నవ్వితె ఏమనవు. నేను నీ లెక్క చేస్తె తిడ్తవు. నీకు అదే ముద్దు" అన్నాను.

తాతయ్య కూలిన రాయి మీద కూర్చుని నన్ను దగ్గరికి తీసుకున్నారు. తనకొక అన్న ఉండేవాడని ఆనాడే మొదటిసారి చెప్పారు. దొర ఉన్న రోజుల్లో మా వాడవాళ్లెవరూ గడి ముందు చెప్పులు తొడుక్కుని నడవకూడదు. పట్నంలో కూలి చేసి తిరిగొచ్చిన ఆ అన్న, కొత్త చెప్పులతో మరిచిపోయి ఈ దారినే నడిచాడట. ఈ ద్వారం ముందే ఎండలో వంగబెట్టి వీపు మీద బండ పెట్టారట. పొద్దుగూకే దాకా ఎవరినీ దగ్గరికి రానివ్వలేదట. ఆ తరువాత ఆ అన్న నడుము నిలబడలేదు. వానలు పడకముందే పోయాడు. ఊరివాళ్లు చెప్పుకునే మూలుగు ఎవరిదో నాకు అప్పుడు తెలిసింది.

"దొర పొయ్యి ఎన్నేండ్లాయె. చెప్పులు ఇప్పొద్దు అనుకుంటనే వస్త. ఈడికి రాంగనే కాళ్లు నా మాట వినయి" అన్నారు. "ఇన్నాళ్లు నిన్నెందుకు తీస్కరాలేదంటే, నన్ను సూసి నేర్సుకుంటవని. నేర్సుకోనే నేర్సుకుంటివి."

మేనత్త కూతురు పోయిన వైపు చూస్తూ మళ్లీ ఆయనే అన్నారు. "అదెట్ల ఉరికిందో సూస్తివా? జర గూడ ఆగలే. దాన్ని సూస్తె నాక్గూడ కుళ్లయితున్నది బిడ్డా."

ఆ మాట విని ఏడుపు మరిచిపోయాను. ఇద్దరమూ ఒకే పిల్ల మీద అసూయపడుతున్నాం. నేను తాతయ్య చూపు కోసం కుమిలిపోతుంటే, ఆయన ఆమెకు భయం తెలియనందుకు కుమిలిపోతున్నారు.

"తొడుక్కొని పో. నేను ఈడనె ఉండి సూస్త" అన్నారు.

తొడుక్కున్నాను. లోపల మేనత్త కూతురూ గబ్బిలాలూ తప్ప ఎవరూ లేరని తెలిసినా, విన్న మాటల వల్ల కాలు బరువెక్కింది. అయినా దాటాను. లోపలి నుంచి ఇద్దరం ఎంత పిలిచినా ఆయన మాత్రం రాలేదు.

ఇప్పుడు ఆ గుట్ట కింద ప్లాట్ల హద్దురాళ్లు పాతారు. మా ఇంట్లో కాలేజీ చదివి పట్టా పుచ్చుకున్న మొదటి మనిషినై, ఎన్నో పెద్ద గదుల్లోకి నడిచాను. ఏ గడప ముందైనా నా కాలు ఒక్క క్షణం వెనకాడుతుంది. వెనకాడకుండా లోపలికి పోయేవాళ్లను చూస్తే ఈ వయసులోనూ నాకు అసూయే. దాన్ని పోగొట్టుకోవాలని ప్రయత్నించడం మానేశాను. ఆ క్షణంలో నా వెనుక ఒక మనిషి ఉత్త కాళ్లతో నిలబడి, నేను లోపలికి పోయేదాకా కదలనట్టు చూస్తూ ఉంటాడు. ఆయనను ఎక్కువసేపు నిలబెట్టడం నాకు ఇష్టం ఉండదు.