మెకానిక్ సాక్ష్యం

ముందు టంగుమని సుత్తి మోగుతుంది. ఆ తర్వాతే లారీ కిందనుంచి మెకానిక్ బయటికొస్తాడు. చక్రాలను ఒక్కొక్కటే కొట్టి, నిద్రపోతున్న పిల్లల ఊపిరి విన్నట్టు చెవి ఒగ్గి వింటాడు. చేతులు ఎంత తుడుచుకున్నా గోళ్లలో నలుపు పోదు. పోయిన వేసవిలో అతని అల్లుడు నడుపుతున్న లారీ కొండ దిగుతూ లోయలోకి జారిపోయి, అతను చనిపోయాడు. బండి బాగుందని తనిఖీ కాగితం ఉంది కాబట్టి తప్పు డ్రైవరుదేనని కంపెనీ వాదన. అదే నిలిస్తే కూతురికి నష్టపరిహారం రాదు. బ్రేకులు సరిగ్గా పడటం లేదని మెకానిక్ ఆ ఉదయమే చెప్పాడు. "ఒక్క ట్రిప్పేగా, కానియ్" అన్నాడు కంపెనీ యజమాని. "మీరు సంతకం పెట్టండి మామయ్యా, ఆ సంతకం భయానికే బండి ఆగుతుంది" అని అల్లుడు నవ్వాడు. మెకానిక్ ఆ తనిఖీ కాగితం మీద సంతకం పెట్టాడు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. రేపు కోర్టులో, కూతురి ఎదుట చెప్పాలి.

"నిజం చెప్తే మీ ఉద్యోగం పోతుందేమో" అన్నాను, కేసు చూస్తున్న లాయరుగా.

"పోతే పోనీండి సార్. జడ్జిగారికైతే చెప్పేస్తాను. మా అమ్మాయే, రోజూ నాకు అన్నం పెడుతూ అడుగుతుంది, 'బండి బాగుందని రాసిచ్చాడే, వాడికి పిల్లల్లేరా నాన్నా?' అని."